మూడు నిమిషాల నూడుల్స్, పన్నెండు గంటల సూపు: ఇంట్లో రామెన్ కుదరాలంటే

క్లుప్తంగా: జపాన్ సూపు నూడుల్స్ అయిన రామెన్ అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించే వంట కాదు. సూపు, తారే అనే ఉప్పటి చిక్కటి సాస్, వాసన నూనె, నూడుల్స్, పైన అమర్చే దినుసులు వేర్వేరుగా తయారై, వడ్డించే నిమిషంలో మాత్రమే కలుస్తాయి. ఇన్‌స్టంట్ ప్యాకెట్ ఈ పనుల్లో కొన్నింటిని ఫ్యాక్టరీకి అప్పగించింది. ఏ భాగానికి సమయం కావాలో, దేనికి అక్కర్లేదో తెలిస్తే ఇంట్లో చేసే రామెన్‌లో సగం ఇబ్బందులు తొలగిపోతాయి. ఉప్పు లెక్క మాత్రం ప్యాకెట్‌కూ ఇంటి వంటకూ ఒకటే.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది?

రామెన్ చేయడం నేర్చుకోవాలని వెతికితే పొంతన లేని సమాధానాలు ఎదురవుతాయి. ఎముకలను పన్నెండు గంటలు ఉడికించాలని ఒక వంటకం చెబుతుంది. పది నిమిషాల్లో అయిపోతుందని మరొకటి చెబుతుంది. నిజానికి రెండూ తప్పు కాదు. మొదటిది సూపు గురించి, రెండోది చివరి కూర్పు గురించి మాట్లాడుతోంది. ఈ తేడా గమనించనివారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. ఒకరు రోజంతా పొయ్యి దగ్గరే నిలబడి, ఆఖరున నూడుల్స్‌ను సూపులోనే ఉడికించి అంతా చిమిడిపోయేలా చేస్తారు. మరొకరు వేడినీళ్లలో సోయా సాస్ కలిపి, రుచి ఎందుకు పలచగా ఉందా అని ఆలోచిస్తారు.

ఉప్పంతా తారేలోనే ఉంటుంది, సూపులో ఉండదు. ఈ ఒక్క ఏర్పాటు నుంచే మిగతావన్నీ వస్తాయి. ఉప్పు లేని సూపును ఎంతసేపు మరిగించినా, ఎంత ఇంకినా రుచి చెడదు. ఒకే సూపుతో ఒకరికి సోయా తారే, ఇంకొకరికి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) తారే కలిపి రెండు రకాల గిన్నెలు ఇవ్వవచ్చు. దుకాణాల్లో నిమిషాల వ్యవధిలో వడ్డించగలగడానికీ ఇదే కారణం.

దుకాణం నుంచి ప్యాకెట్‌లోకి

రామెన్‌కు మూలం చైనా గోధుమ నూడుల్స్. 19వ శతాబ్దం చివర యోకొహామా వంటి రేవు పట్టణాల్లో స్థిరపడిన చైనీయులు వీటిని జపాన్‌కు పరిచయం చేశారు. 1910లో టోక్యోలోని అసకుసాలో తెరిచిన రైరైకెన్ ఈ వంటను జపాన్ సామాన్యుల భోజనంగా మార్చిన తొలి దుకాణాల్లో ఒకటి. ఆ తర్వాత ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం తన పద్ధతి ఏర్పరచుకుంది. క్యూషూలో పంది ఎముకల తెల్లటి సూపు, సప్పొరోలో మిసో, టోక్యోలో సోయా స్థిరపడ్డాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బియ్యం కొరత వచ్చింది. అమెరికా నుంచి గోధుమలు పెద్ద ఎత్తున దిగుమతి అయ్యాయి. వేడి నూడుల్స్ కోసం జనం చలిలో బారులు తీరిన దృశ్యాన్ని ఒసాకాలో చూశానని తర్వాతి కాలంలో చెప్పిన మొమొఫుకు ఆండో, 1958 ఆగస్టు 25న చికెన్ రామెన్ పేరుతో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను మార్కెట్లోకి తెచ్చారు. ధర 35 యెన్లు. అప్పట్లో తాజా ఉడోన్ నూడుల్స్ ఆరు యెన్లకే దొరికేవి కాబట్టి ఇది పేదల తిండిగా కాక ఖరీదైన కొత్త వస్తువుగా మొదలైంది. మసాలా నూడుల్స్‌కే పట్టించి ఉండేది, వేరే పొడి ఉండేది కాదు. సూపు పొడిని విడి పొట్లంలో ఇచ్చే పద్ధతి 1962లో మ్యోజో సంస్థ తెచ్చిన ప్యాకెట్‌తో వ్యాపించింది. తారేను విడిగా ఉంచే దుకాణపు పద్ధతి అలా ప్యాకెట్‌లోకీ చేరింది.

1971లో వచ్చిన కప్ నూడుల్ మరో మెట్టు. అమెరికా పర్యటనలో అక్కడి కొనుగోలుదారులు నూడుల్స్ బిళ్లను విరిచి కాగితం కప్పులో వేసుకుని, ఫోర్కుతో తినడం ఆండో గమనించారు. కప్పులో నూడుల్స్ అడుగున కాకుండా మధ్యలో ఇరుక్కుని నిలబడేలా రూపొందించడం అందులోని అసలు తెలివి. బిళ్ల పైభాగం దట్టంగా, కింది భాగం వదులుగా ఉంటుంది. పోసిన వేడినీరు అడుగుకు చేరి, కింది నుంచి పైకి సమానంగా ఉడికిస్తుంది. ప్రపంచ ఇన్‌స్టంట్ నూడుల్స్ సంఘం లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతటా 12,000 కోట్లకు పైగా పొట్లాలు, కప్పులు అమ్ముడయ్యాయి.

నూడుల్స్‌లో క్షారం చేసే పని

రామెన్ నూడుల్స్‌నూ స్పగెట్టీనీ పక్కపక్కన పెడితే, రెండూ గోధుమతో చేసినవే అయినా నోట్లో వేరుగా అనిపిస్తాయి. ఆ తేడా తెచ్చేది కాన్‌సుయి అనే క్షార లవణం. అందులో ప్రధానంగా ఉండేవి సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్. పిండి బరువులో ఒక శాతం కలిపితే చాలు, మూడు మార్పులు వస్తాయి. గోధుమలోని ఫ్లావనాయిడ్లు అనే సహజ పదార్థాలు క్షారం తగలగానే పసుపురంగుకు తిరుగుతాయి. గుడ్డు లేకుండానే నూడుల్స్‌కు ఆ రంగు రావడానికి కారణం ఇదే. గోధుమ ప్రొటీను అయిన గ్లూటెన్ బిగుసుకుని, కొరికితే తిరిగి తన్నే సాగుడు వస్తుంది. వేడి సూపులో వేశాక మెత్తబడడం కూడా ఆలస్యమవుతుంది. ఈ మూడోదే అసలు ముఖ్యం, ఎందుకంటే తింటున్నంతసేపూ నూడుల్స్ మరిగే వేడికి దగ్గరగా ఉన్న ద్రవంలోనే మునిగి ఉంటాయి.

కాన్‌సుయి దొరకనిచోట వంట సోడాతో ఆ పని చేయించవచ్చు. వంట సోడా సోడియం బైకార్బొనేట్, అది బలహీనమైన క్షారం. దాన్ని పళ్లెంలో పలచగా పరిచి, 120 నుంచి 150 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో ఒక గంట ఉంచితే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. బరువు మూడో వంతు కంటే కాస్త ఎక్కువే తగ్గుతుంది. మారిందో లేదో తెలుసుకోవడానికి ముందూ వెనుకా తూచి చూడడమే సులువైన దారి. ఇలా మార్చిన సోడా చర్మాన్ని మండిస్తుంది కాబట్టి చేత్తో ముట్టుకోకుండా, గాలి చొరని సీసాలో పెట్టాలి.

పిండి కలిపే దశలోనే చాలామంది వెనక్కి తగ్గుతారు. 100 గ్రాముల పిండికి 35 నుంచి 38 గ్రాముల నీరు మాత్రమే పడుతుంది. రొట్టెల పిండికి పట్టేదానిలో ఇది సుమారు సగం. సోడానూ ఉప్పునూ ముందుగా ఆ నీటిలో పూర్తిగా కరిగించి, పిండి మీద కొద్దికొద్దిగా చిలకరిస్తే ముద్ద కాదు, తడి ఇసుకలా పొడిపొడిగా ఉంటుంది. ఇది చూసి నీరు సరిపోలేదని మరికాస్త పోస్తే పని చెడుతుంది. మూతపెట్టి అరగంట వదిలితే తేమ గింజ గింజకూ పాకుతుంది. అప్పుడు గట్టి సంచిలో వేసి కాలితో తొక్కినా, కర్రతో ఒత్తినా అట్టలా కలుస్తుంది. పాస్తా మిషను ఉంటే ఆ అట్టను మడిచి మడిచి నడిపించవచ్చు. మొదటి రెండు మూడు సార్లు అంచులు చిరుగుతాయి, నాలుగోసారికి నునుపు తేలుతుంది. గ్లూటెన్ ఎక్కువున్న బ్రెడ్ పిండి అయితే ఇది తొందరగా జరుగుతుంది.

నీటి శాతంతోనే ప్రాంతాల తేడాలూ అర్థమవుతాయి. క్యూషూలోని హకాటా నూడుల్స్ సన్నగా, తక్కువ నీటితో చేసినవి. అవి సూపును త్వరగా పీల్చుకుని మెత్తబడతాయి. అందుకే అక్కడ గిన్నెలో కొంచెం కొంచెంగా వేసి, కావలసినవారికి కాయెదామా పేరుతో మరో విడత నూడుల్స్ ఇచ్చే అలవాటు ఉంది. సప్పొరోవి నీరు ఎక్కువ పట్టినవి, మెలికలు తిరిగి పసుపుపచ్చగా ఉంటాయి. మిసో సూపు బరువును అవి ఎక్కువసేపు తట్టుకుంటాయి.

ఇంత శ్రమ వద్దనుకుంటే సన్నని స్పగెట్టీని సోడా కలిపిన నీటిలో ఉడికించే దారి ఉంది. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంట సోడా సరిపోతుంది. మరిగే నీటిలో సోడాయే కొంత కార్బొనేట్‌గా మారుతుంది. నురుగు ఒక్కసారిగా పొంగుతుంది, అందువల్ల లోతైన గిన్నె వాడాలి. ఫలితం అచ్చమైన రామెన్ కాదు గానీ, మామూలు స్పగెట్టీ కంటే చాలా దగ్గరగా వస్తుంది. ఏ దారిలో చేసినా నూడుల్స్ ఉడికిన నీటిని సూపులో కలపకూడదు. అందులోకి దిగిన క్షారం సబ్బు వంటి రుచి ఇస్తుంది, పిండి సూపును మందం చేస్తుంది.

సూపులో సమయం దేనికి ఖర్చవుతుంది?

ఎముకల సూపులో గంటలు గంటలు జరిగేది ఒకటే. కొల్లాజన్ అనే గట్టి ప్రొటీను విడిపోయి జెలటిన్ అవుతుంది. పెదవులకు అంటుకునే చిక్కదనం దాని వల్లే వస్తుంది. మంట ఎలా పెట్టామన్నదాన్ని బట్టి ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. సన్నని సెగ మీద అక్కడక్కడ ఒక బుడగ మాత్రమే పైకి వచ్చేలా ఉంచితే కొవ్వు పైన తేలి, కింద తేటనీరు మిగులుతుంది. కుతకుతలాడేలా మరిగిస్తే కొవ్వు సూక్ష్మ బిందువులుగా విరిగి, జెలటిన్ వాటిని విడిపోకుండా పట్టుకుంటుంది. పంది ఎముకల టొంకొట్సు సూపు పాలలా తెల్లబడేది అందుకే. అందులో పాలు ఉండవు.

ప్రెషర్ కుక్కర్ ఈ గంటలను ఒకటి, ఒకటిన్నర గంటకు కుదిస్తుంది, ఎందుకంటే లోపల వేడి 120 డిగ్రీల దాకా చేరుతుంది. అయితే ఒత్తిడిలో ఉన్న నీరు గట్టిగా కుతకుతలాడదు. కాబట్టి కుక్కర్ సూపు జెలటిన్‌తో నిండి ఉన్నా తెల్లబడదు. మూత తీశాక పెద్ద మంట మీద ఇంకో ఇరవై, ముప్పై నిమిషాలు మరిగిస్తే తెల్లబడుతుంది. కోడికాళ్లు కలిపితే జెలటిన్ ఇంకా ఎక్కువ దిగుతుంది.

ఎముకలు లేకుండా కూడా లోతైన రుచి సాధ్యమే. ఇందుకు ఆధారం జపాన్ శాస్త్రవేత్తల పరిశోధనల్లో ఉంది. కొంబు అనే సముద్రపు నాచులోని రుచికి గ్లూటమేట్ కారణమని 1908లో కికునాయె ఇకెదా గుర్తించారు. ఎండుచేప పొరలైన కట్సువోబుషిలోని ఇనోసినేట్‌ను 1913లో షింతారో కొదామా గుర్తించారు. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లోని గ్వానిలేట్‌ను, ఇవి జంటగా కలిసినప్పుడు రుచి అనేక రెట్లు పెరుగుతుందన్న సంగతిని 1950ల చివర అకిరా కునినాకా తేల్చారు. అందుకే కొంబుతో కట్సువోబుషి, శాకాహారంలో కొంబుతో షిటాకే. ఈ జతలు సంప్రదాయంగా వచ్చాయి, వాటి కారణం తర్వాత తెలిసింది.

లీటరు నీటిలో 10 గ్రాముల కొంబును అరగంట నానబెట్టి, నెమ్మదిగా 60 డిగ్రీల దాకా వేడిచేసి, మరగకముందే తీసేయాలి. మరిగితే జిగురు, చేదు దిగుతాయి. షిటాకేను రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి, ఆ నీటిని తర్వాత మెల్లగా వేడి చేయాలి. చిక్కదనం కావాలంటే సోయా పాలు కలపవచ్చు, కానీ పెద్ద మంట మీద మరిగిస్తే విరుగుతాయి.

తారే, ఉప్పు లెక్క

ఒక గిన్నెకు సుమారు 300 మిల్లీలీటర్ల సూపు, 30 మిల్లీలీటర్ల తారే అన్నది వాడుకలో ఉన్న కొలత. జపాన్ సోయా సాస్‌లో బరువు ప్రకారం దాదాపు 16 శాతం ఉప్పు ఉంటుంది. తారే అంతా సోయా సాసే అనుకుంటే ఒక గిన్నెలో అయిదు గ్రాములకు పైగా ఉప్పు చేరినట్టే. పెద్దలు రోజు మొత్తం మీద అయిదు గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే ఇంట్లో చేసినంత మాత్రాన రామెన్ ఆరోగ్యకరం అయిపోదు. ప్యాకెట్‌ను తప్పుపట్టేవారు ఈ లెక్కను మరిచిపోతుంటారు.

తగ్గించే మార్గాలు ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువ పనిచేసేది సూపును గిన్నెలో వదిలేయడం, ఎందుకంటే ఉప్పులో పెద్ద భాగం అక్కడే ఉంటుంది. జపాన్‌లో అమ్మే చాలా కప్పుల మీద నూడుల్స్‌లో ఎంత, సూపులో ఎంత అని ఉప్పును విడివిడిగా ముద్రిస్తారు. అది చూస్తే సూపు వదిలితే ఎంత తగ్గుతుందో తెలిసిపోతుంది. తారేను సగానికి తగ్గించి, ఆ లోటును కొంబు, షిటాకే, వెల్లుల్లి నూనెతో పూరించడం రెండో దారి.

వాసన నూనెను చాలామంది వదిలేస్తారు. ఉల్లికాడలు, వెల్లుల్లి, అల్లం వేసి సన్నని సెగ మీద కాచిన రెండు చెంచాల నూనె సూపు మీద పొరగా తేలి రెండు పనులు చేస్తుంది. నూనెలో కరిగే సువాసనలు మొదటి గుటకకే ముక్కును తాకుతాయి. సూపు వేడి కూడా త్వరగా తగ్గకుండా ఉంటుంది.

ప్యాకెట్ లోపల ఏముంది, దాన్ని ఎలా బాగుచేయాలి

ఇన్‌స్టంట్ నూడుల్స్ ఫ్యాక్టరీలోనే ఒకసారి ఆవిరి మీద ఉడికి ఉంటాయి. తర్వాత 140 నుంచి 160 డిగ్రీల నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేగుతాయి. లోపలి నీరు ఆవిరై దూసుకుపోయిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఇంట్లో పోసిన వేడినీరు ఆ రంధ్రాల గుండానే లోపలికి వెళ్తుంది. మూడు నిమిషాల రహస్యం ఇదే. వేయించిన బిళ్లలో కొవ్వు సాధారణంగా 15 నుంచి 20 శాతం ఉంటుంది. వేడిగాలితో ఆరబెట్టిన రకాల్లో మూడు శాతం లోపే. కానీ వాటికి రంధ్రాలు తక్కువ కాబట్టి మరో నిమిషం రెండు నిమిషాలు ఎక్కువ ఉడకాలి, నమిలితే తాజా నూడుల్స్‌కు దగ్గరగా ఉంటాయి.

నూడుల్స్ అతుక్కోకుండా మైనం పూస్తారని, మొదటి నీటిని పారబోయాలని ఒక ప్రచారం ఉంది. మైనం పూయరు. అతుక్కోకుండా చేసేది ఆ వేపుడు నూనే. నీరు మార్చితే పైన తేలే నూనె, కొంత ఉప్పు తగ్గుతాయన్నది మాత్రం నిజం.

బిళ్లను మరిగే నీటిలో వేయగానే రంధ్రాల నుంచి గాలి బుడగలు గొలుసుల్లా లేస్తాయి. అరనిమిషానికి అంచులు పారదర్శకంగా మారతాయి, నడుమ ఇంకా తెల్లగా గట్టిగా ఉంటుంది. ఈ దశలో గరిటెతో పొడిస్తే తీగలు విరిగి ముక్కలవుతాయి. కదపకుండా ఒక్కసారి బోర్లించి, తీగలు వాటంతట అవే విడిపోతున్నప్పుడు మాత్రమే కదపాలి. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి అరనిమిషం ముందే దించితే, గిన్నె బల్ల మీదికి చేరే లోగా మిగతా ఉడుకు పూర్తవుతుంది.

సూపు పొడిని మరిగే నీటిలో వేసి ఉడికించడం కంటే గిన్నె అడుగున వేసుకోవడం మేలు. ఆ పొడితో పాటు ఒక గుడ్డు పచ్చసొన, ఒక చెంచా మయొనైజ్, తురిమిన వెల్లుల్లి కలిపి, దాని మీద వేడి నీటిని కొద్దికొద్దిగా పోస్తూ చిలికితే సూపు తెల్లగా చిక్కబడుతుంది. టొంకొట్సులో జెలటిన్ చేసిన పనిని ఇక్కడ పచ్చసొనలోని లెసిథిన్ చేస్తోంది. నీరంతా ఒకేసారి కుమ్మరిస్తే మాత్రం గుడ్డు పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది. సొన పూర్తిగా ఉడకదు కాబట్టి గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువున్నవారు దీనికి దూరంగా ఉండాలి.

సూపు లేని నూడుల్స్

యాకిసోబా వంటి వేపుడు నూడుల్స్‌లో శత్రువు నీరే. ఉడికిన వెంటనే బాణలిలో వేస్తే పైనున్న తడి ఆవిరవుతూ బాణలి వేడిని లాగేస్తుంది, తీగలు ముద్దకడతాయి. ఉడికించి, చల్లటి నీటితో కడిగి, నీరు ఓడ్చి, కాస్త నూనె పట్టించి ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచితే తీగలోని పిండి తిరిగి గట్టిపడుతుంది. అలాంటివే వేపుడుకు నిలుస్తాయి. ఇంటి పొయ్యికి హోటల్ మంట ఉండదు, కాబట్టి ఒక విడతలో ఒకరికి సరిపడా మాత్రమే వేయించాలి. సాస్ చివర, బాణలి అంచు మీద పోయాలి.

మసాలా సాస్‌లో కలిపి తినే మాజెసోబా రకానికి సూపే అక్కర్లేదు. తారే, వాసన నూనె అడుగున, వేడి నూడుల్స్ పైన. పొద్దుపోయాక పదిహేను నిమిషాల్లో తినాలనుకునేవారికి ఇంతకంటే మంచి ఎంపిక లేదు.

ఆరోగ్యంపై వాదనలు

అజినొమోటో అని పిలిచే మోనోసోడియం గ్లూటమేట్ మీద భయం 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన లేఖతో మొదలైంది. తర్వాత జరిగిన నియంత్రిత పరీక్షల్లో ఆ లేఖలో చెప్పిన లక్షణాలు నిలకడగా కనిపించలేదు. ఆహార సంకలితాలపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1987లో దీనికి రోజువారీ పరిమితి అక్కర్లేదని తేల్చింది. ఇందులో సోడియం సుమారు 12 శాతం, మామూలు ఉప్పులో 39 శాతం. ఉప్పు తగ్గించి దీన్ని చిటికెడు వాడితే మొత్తం సోడియం తగ్గుతుంది.

అసలు ఆందోళన వేరేచోట ఉండాలి. దక్షిణ కొరియా ఆరోగ్య సర్వే వివరాలతో 2014లో వెలువడిన ఒక అధ్యయనం, వారానికి రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువ ఇన్‌స్టంట్ నూడుల్స్ తినే మహిళల్లో మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, అధిక రక్తపోటు, రక్తంలో ఎక్కువ చక్కెర వంటివి కలిసి ఉండే స్థితి) ఎక్కువగా ఉన్నట్టు చూపింది. ఇది సంబంధాన్ని చూపింది గానీ కారణాన్ని నిరూపించలేదు. అయినా ప్యాకెట్‌లో ప్రొటీను, పీచు తక్కువ, ఉప్పు, కొవ్వు ఎక్కువ అన్నది లేబుల్ మీదే కనిపించే విషయం. ఒక గుడ్డో, టోఫూ ముక్కలో, గుప్పెడు ఆకుకూరో కలిపితే మొదటి రెండు లోట్లూ కొంత తీరతాయి.

చివరి నాలుగు నిమిషాలు

ముందే సిద్ధం చేసుకున్నవన్నీ ఇక్కడ వరుసగా కలవాలి. గుడ్డు ముందురోజే అయిపోవాలి. ఫ్రిజ్ చల్లదనంతో ఉన్నదాన్ని మరిగే నీటిలో ఆరున్నర నిమిషాలు ఉంచి, ఐసు నీటిలో వేసి, పెంకు తీసి, నీరు కలిపిన సోయా సాస్‌లో రాత్రంతా నానబెడతారు. వడ్డించే వేళకు గిన్నెలను వేడినీటితో తొలవాలి, చల్లని గిన్నె సూపు వేడిని మింగేస్తుంది. అడుగున తారే, వాసన నూనె వేయాలి. ఒక పొయ్యి మీద సూపు మరుగుతుండగా, పక్క పొయ్యి మీద నూడుల్స్ పెద్ద గిన్నెడు నీటిలో వేయాలి. అవి ఉడకడానికి అరనిమిషం ఉందనగా సూపును తారే మీద పోసి కలపాలి. నూడుల్స్‌ను జల్లెడలో తీసి, నీరు పూర్తిగా విదిలించి, సూపులోకి జార్చాలి. విదిలించకపోతే ఆ నీరు తారే కొలతను పలచన చేస్తుంది.

మిగిలిపోతే నూడుల్స్‌నూ సూపునూ కలిపి దాచకూడదు. సూపును విడిగా చల్లార్చి, జెలటిన్‌తో గడ్డకట్టాక ఒక్కో గిన్నెకు సరిపడా ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, మరో రోజు పన్నెండు గంటల పని పది నిమిషాల్లో బల్ల మీదికి వస్తుంది.